నకలు గదా యని నవ్వువారితో

గత సంక్రాంతి సంబరములలో పిల్లలకు ఏ చలనచిత్రము చూపవలెనను విషయమై మన పెద్దల నడుమ కొంత వాదము జరిగినది. హుమ్మ నుండి పాసింజరు బండిలో బరంపురము వచ్చి, ఆ సమావేశమున వెనుక బెంచీపై కూర్చున్న మేము, ఎవరును అడుగకున్నను లేచి రెండు పేర్లు సూచించితిమి. మొదటిది 1991లో వచ్చిన ‘ఆదిత్య 369’. రెండవది 2024లో ‘కల్కి 2898 ఏ.డి.’ అను చిత్రమునకు కొద్ది దినముల ముందు వెలువడిన ‘బుజ్జి అండ్ భైరవ’ అను రెండు భాగముల బొమ్మల కథ. మొదటి పేరునకు ఒకరిద్దఱు తల ఊపిరి. రెండవ పేరు చెవిని బడగానే గదిలో నవ్వు లేచినది. వయసునను చదువునను మాకంటె అధికులైన ఒక పెద్దలు, “అసలుండగా నకలెందుకండీ గుమాస్తాగారూ? మాటలాడే మోటారుబండి బొమ్మలు చూపించుకోవడానికా మనం సంఘం పెట్టుకున్నది?” అనిరి. వాదము అంతటితో ముగిసినది. 1957 నాటి ‘మాయాబజార్’ చూపుటకు తీర్మానమైనది.

‘మాయాబజార్’ మీద మాకు వైరము లేదు. దానిని ఎన్ని మారులు చూచితిమో లెక్క పెట్టలేదు. మఱల చూపినను ముందుగా పోయి కూర్చుందుము. కాని ఆ సాయంకాలము జరిగినది చెప్పక తప్పదు. ఘటోత్కచుడు తెరమీదికి వచ్చువఱకు పిల్లలు ఆగలేదు. ఒక్కొక్కరుగా లేచి వరండాలోనికి పోయి, సెల్‌ఫోనుల చుట్టు మూగి, హిందీలోను ఒడియాలోను తమకు కావలసినవేవో చూచుకొనుచుండిరి. లోపల పెద్దలము చప్పట్లు కొట్టుకొంటిమి. పిల్లల కొఱకని చందా పోగుచేసిన పండుగ పెద్దల పండుగగా ముగిసినది.

ఆ దినమున మా నోట రాని సమాధానమును ఈ సంచికలో వ్రాయుచున్నాము. సంపాదకులు ఆ పెద్దలకు ఆప్తమిత్రులయ్యును మా వ్యాసమునకు చోటిచ్చిరి. వారి సౌజన్యమునకు కృతజ్ఞులము.

ముందుగా ఆ ‘అసలు’ అను మాట సంగతి తేల్చుకొందము. వ్యాసభారతమున శశిరేఖ లేదు. అభిమన్యునికి విరాటుని కూతురు ఉత్తరనిచ్చి వివాహము చేసినట్లు మాత్రమే అందున్నది. బలరాముని కూతురు, ఆమెను లక్ష్మణకుమారునికి ఇయ్యబోవుట, ఘటోత్కచుని మాయలు, ఇవన్నియు జనుల నోళ్ళలో పుట్టి, నాటకముల యందు పెరిగి, 1936లోనే పి.వి. దాసుగారి చేతిమీదుగా ఒకమారు తెలుగు తెరకెక్కినవి. కె.వి. రెడ్డిగారు తీసినది ఇరువదియొక్క సంవత్సరముల తరువాత. అనగా మనము అసలని చేతులు జోడించునది భారతము ప్రక్కన మొలచిన ఒక పిలక కథ. పైగా అది ఆ పిలకకు రెండవ కాపు. మన గంజాము జిల్లాలో అరటి పెంచని పెరడు లేదు. గెల దిగిన తల్లిచెట్టును నఱికి పిలకనే కదా సాకుదుము! పిలకను చూచి “నీవు తల్లివి కావు పో” యను రైతును మేము ఎఱుగము.

కావున ఈ వ్యాసములో అట్టి కథలను పిలక కథలనియే పిలిచెదము. ఒక పేరుపడిన చిత్రమునకు తరువాత పుట్టిన టెలివిజను కథలు, బొమ్మల చిత్రములు, ఇతర భాషల మాటలు తొడిగిన ప్రతులు, మఱల తీసిన రీమేకులు, అన్నియు ఆ కోవలోనివే. వీనిని గూర్చి పత్రికలు వ్రాయవు. పెద్దలు మాటలాడరు. చూచినవారు సైతము చూచితిమని చెప్పుటకు సిగ్గుపడుదురు.

మాకు ఆ సిగ్గు లేకపోవుటకు కారణము మా వృత్తియే కాబోలు. మెట్రిక్యులేషనుతో చదువు ఆపి గుమాస్తాగా చేరిన నాటి నుండి పదవీ విరమణము వఱకు మేము చేసినది నకళ్ళు వ్రాయుట. అసలు కాగితము బీరువాలో పడియుండును. దానిని ఎవరును చూడరు. బ్యాంకునకు నడచునది, కచేరిలో సాక్ష్యము పలుకునది, ఆడపిల్ల పెండ్లికి అప్పు తెచ్చునది, రైతు పంచెకొంగున మడచిపెట్టుకొన్న నకలు. “అసలుతో సరిచూడబడినది” అని ముద్ర వేసి సంతకము చేయునప్పుడు, ఈ మాటలో ఏది గొప్పదో మాకు అనుమానముగనే యుండెడిది.

ఆ అనుమానము 2013 అక్టోబరు 12 రాత్రి తీఱినది. ఫైలిన్ తుపాను గోపాలపురము దగ్గఱ తీరము దాటిన ఆ రాత్రిని ఈ సంచిక చదువు కుటుంబములలో మఱచినవారు లేరు. మా యింటి పెంకులు లేచిపోయి, మా నాయనగారు స్వహస్తముతో వ్రాసికొన్న హరికథల నోటుపుస్తకము నానిన అటుకుల ముద్ద వలె నయ్యెను. విప్పబోయిన కొలది చిరిగినది. మా చెల్లెలు పెండ్లికి ముందు, తోచక, ఆ పుస్తకమును ఎత్తివ్రాసికొని అత్తవారింటికి సోంపేట తీసికొనిపోయియుండెను. ఆమె అక్షరములలో తప్పులు కలవు. రెండు చోట్ల పాటలు తారుమారైనవి. ఒకచోట ఆమె తన సొంత చరణము కూడ చేర్చినదని మా అనుమానము, అడిగిన ఒప్పుకొనదు. ఇప్పుడు మా యింట నున్నది ఆ తప్పుల ప్రతికి జెరాక్సు ప్రతి. నాయనగారి గొంతు వినవలెనన్న మాకు వేఱు దారి లేదు.

చలనచిత్రములకును ఇదియే గతి పట్టినది. తెలుగు వారి తొలి టాకీ, హెచ్.ఎం. రెడ్డిగారి ‘భక్త ప్రహ్లాద’, 1932లో విడుదలయ్యెను. దాని ప్రతి నేడు ఒక్కటియు లేదు. ఆ కథనే చిత్రపు నారాయణమూర్తిగారు 1942లో తీసిరి. చాలక 1967లో రంగులలో మఱల తీసిరి. ఒక దర్శకుడు తన చిత్రమును తానే రీమేకు చేసినాడని నాడు నవ్వినవారు ఉండియుందురు. రోజారమణి చిన్నతనపు ముఖము, ఎస్.వి. రంగారావు గదాదండము లేకున్న ప్రహ్లాదుడు తెలుగు పిల్లలకు ఎట్లు కనబడియుండునో ఆ నవ్వినవారే చెప్పవలెను.

ప్రహ్లాదుని పేరు వచ్చినది గనుక మన వాకిటిలోని సంగతియు చెప్పుదుము. జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేర ప్రసిద్ధమైన ప్రహ్లాద నాటకమును గంజాము పల్లెలలో ఎఱుగనివారెవరు? ఒడియా మాటలకు దక్షిణాది పాట తోడైన ఆ నాటకమును తెల్లవాఱులు కూర్చుండి చూచుదురు. కథ అందఱికిని కంఠస్థము. హిరణ్యకశిపుడు ఎట్లు చచ్చునో పాలు త్రాగు పిల్లకు తెలియును. ఐనను రెండు ఊళ్ళ మేళములను ఎదురెదురుగా నిలిపి పోటీ పెట్టుదురు. ఆ ఊరివాడు మెట్ల మంచెపై ఎట్లు దూకినాడు, ఈ ఊరివాడు ఎట్లు గర్జించినాడు అని మఱునాడంతయు టీదుకాణములలో వాదించుకొందురు. అక్కడ ‘అసలు’ ఏది? తాటాకు మీదిదా, నిన్నటి రాత్రిదా?

ఇంకను వెనుకకు పోయినచో ఋషికుల్య ఒడ్డుననే జౌగడ యున్నది. అశోకుడు తన ధర్మాజ్ఞలను దేశమంతట బండల మీద ఎత్తి చెక్కించెను. చెక్కినవాడును మావంటి నకలు గుమాస్తాయే! ఐతే ధౌలియందును జౌగడయందును కళింగ యుద్ధపు ఊచకోతను దెలుపు పదుమూడవ శాసనము లేదు. ఓడిన జనుల యెదుట ఆ మాట వినిపింపనొల్లక కాబోలు, దానిని విడిచి, ఈ ప్రాంతపు ప్రజలు తన బిడ్డల వంటివారని చెప్పు వేఱు శాసనములను వేయించిరి. ధౌలిలో అది తోసలి అధికారులను, జౌగడలో సమాపా అధికారులను పేర్కొని చెప్పును. చరిత్రకారులు ఈ చిన్న తేడాలనే కన్నుల కద్దుకొందురు. ఎత్తివ్రాతలో ఏమి విడిచిరి, ఏమి చేర్చిరి, ఎవరి కొఱకు మార్చిరి అని చూచుటయందే చదువు ఉన్నది. రెండు వేల యేండ్ల నాటి బండకు ఇచ్చు ఈ మర్యాదను మన పిల్లలు చూచు బొమ్మల కథకు ఇచ్చిన నష్టమేమి?

“ఇవన్నియు పురాణములు, శాసనములు, యంత్రముల కథలకు ఈ వాదము పట్టదు” అందురేమో. యంత్రముల కథలు పుట్టిన దేశములనే చూతము. పియెర్ బూల్ అను ఫ్రెంచి రచయిత 1963లో కోతులు ఏలు గ్రహమును గూర్చి ఒక నవల వ్రాసెను. దాని ఆధారముగా 1968లో అమెరికాలో ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ అను చిత్రము వచ్చి లోకమంతట పేరు గాంచినది. 1973లోపల దానికి నాలుగు కొనసాగింపులు వచ్చినవి. 1974లో టెలివిజను ధారావాహికగా తీసి, చూచువారు చాలక పదునాలుగు భాగములతో నిలిపివేసిరి. 1975లో పిల్లల కొఱకు పదుమూడు భాగముల బొమ్మల కథ తీసిరి. ఈ కడపటి దానిని నేడు తలచువారు అరుదు. కాని విచిత్రము చూడుడు. బూల్ నవలలో కోతులకు మోటారుకార్లు, విమానములు గల నాగరిక నగరములున్నవి. మహాచిత్రమనిపించుకొన్న 1968 నాటి దానిలో అవి లేవు. అట్టి నగరము కట్టుటకు డబ్బు చాలక కోతులకు రాతియిండ్లు, గుఱ్ఱములు ఇచ్చి సరిపెట్టిరి. నవలాకారుడు ఊహించిన కార్లను, విమానములను తిరిగి తెచ్చినది ఎవరును లెక్కచేయని ఆ బొమ్మల కథ. బొమ్మలో కారు గీయుటకును గుఱ్ఱము గీయుటకును ఖర్చు ఒక్కటే గదా! అసలు విడిచిన దానిని నకలు దాచిపెట్టినది.

ఇంగ్లండులో మఱొక సంగతి జరిగినది. 1963లో మొదలైన ‘డాక్టర్ హూ’ అను కాలప్రయాణ ధారావాహికను బి.బి.సి. వారు, టేపులు మఱల వాడుకొనవచ్చునని, అనేక భాగములను తుడిచివేసిరి. ఇండ్లలో కొందఱు కుఱ్ఱవాండ్రు టెలివిజను ముందు టేపురికార్డరు పెట్టి పట్టుకొన్న శబ్దము మాత్రము మిగిలినది. 2006లో ఆ శబ్దమునకు బొమ్మలు గీసి, పోయిన రెండు భాగములను తిరిగి నిలిపిరి. తరువాత మఱికొన్నింటికి అట్లే చేసిరి. బొమ్మలని నవ్వు మన పెద్దలు ఈ మాట ఒక్క క్షణము ఆలోచింప గోరుచున్నాము.

ఇక మన యింటి కథకు వత్తుము. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1895లో ‘కాలయంత్రము’ అను నవల వ్రాసెను. దానిని కళాశాలలో చదివిన ఒక తెలుగు యువకుడు సింగీతము శ్రీనివాసరావుగారు. వీరు పని నేర్చినది కె.వి. రెడ్డిగారి వద్ద, ‘మాయాబజార్’కు సహాయకులుగా పని చేసినవారు. ఆ ‘మాయాబజార్’ యందు ప్రియదర్శిని యను పేటిక యున్నదని జ్ఞాపకము చేయుదుము. మూత తీసినచో ప్రియమైనవారు అందు కనబడుదురు. టెలివిజను మన పల్లెలకు రాకముందే మన తెరమీద టెలివిజను ఉన్నది! ఆ పేటిక నీడలో పెరిగిన శిష్యుడు 1991లో ‘ఆదిత్య 369’ తీసెను. వెల్స్ యంత్రము లండను వదలి తెలుగు నేలకు వచ్చి, 1526లో కృష్ణదేవరాయల కొలువునకు పోయి, అక్కడ నుండి 2504లో భూగర్భమున బ్రదుకు జనుల కడకు పోయినది. బాలకృష్ణ రెండు వేషములు వేసిరి. జంధ్యాల మాటలు వ్రాసిరి. మేము అప్పటికి యువకులము. ఇచ్ఛాపురము పోయి చూచితిమి. తెనాలి రామకృష్ణుడు, మోటారుకారు ఒక్క కథలో ఇముడుట చూచి తిరుగుబండిలో నిద్ర పట్టలేదు.

ఆ సింగీతము వారినే ‘కల్కి 2898 ఏ.డి.’ చిత్రమునకు మార్గదర్శకులుగా పెట్టుకొన్నట్లు 2020లో ప్రకటించిరి. ఆ చిత్ర దర్శకులు నాగ్ అశ్విన్. అంతకు ముందు 2018లో సావిత్రి జీవితమును ‘మహానటి’గా తీసినవారు. అందు సావిత్రిగా నటించిన కీర్తి సురేశే ఈ బొమ్మల కథలో బుజ్జియను యంత్రమునకు గొంతు ఇచ్చినది. మాయాశశిరేఖగా సావిత్రి ఒలికించిన చిలిపితనమును ‘మహానటి’లో అభినయించిన పిల్ల, ఆఱు సంవత్సరముల తరువాత మోటారుబండియై తన యజమానితో చిలిపిగా తగవులాడుచున్నది. మా పెద్దలు నవ్విన బండి ఇదియే. ‘మాయాబజార్’ నుండి బుజ్జి వఱకు గీటు గీసి చూడుడు: గురువు, శిష్యుడు, శిష్యుని సలహా గైకొన్నవాడు, వానికి పుట్టిన పిలక. ఏ కణుపున త్రుంచవలెనో వారే చూపింతురు గాక.

మాటలు మార్చిన ప్రతుల గూర్చి ఒక ముచ్చట. ‘ఆదిత్య 369’ తమిళమున ‘అపూర్వ శక్తి 369’గాను, హిందీలో ‘మిషన్ 369’గాను పోయినది. ఆ హిందీ ప్రతిని టెలివిజనులో చూచిన మా కచేరి ఒడియా మిత్రుడొకడు మఱునాడు ఫైళ్ళు ప్రక్కకు నెట్టి ఆ కథనంతయు మాకు చెప్పెను. హిందీ చిత్రమనియే అతని నమ్మకము. “అది మాది నాయనా” అంటిమి. నమ్మలేదు. రాయలు ఎవరని అడిగెను. సింహాచలమున శాసనములు వేయించినవాడనియు, గజపతి ప్రతాపరుద్రునితో యుద్ధము చేసి గెలిచినవాడనియు చెప్పితిమి. “ఓహో, మా గజపతిని ఓడించినవాడా! తెలిసియుంటే చూచెడివాడను గాను” అని పకపక నవ్వి మాకు టీ ఇప్పించెను. పదునేండ్లు ఒకే బల్ల ప్రక్క కూర్చున్న మా నడుమ రాయల ప్రసక్తి వచ్చుట అదియే మొదలు. దానిని తెచ్చినది అసలు గాదు. మాటలు మార్చిన నకలు.

ఈ నకళ్ళన్నియు మేలైనవని మేము వాదించుట లేదు. ‘బుజ్జి అండ్ భైరవ’ మీదనే మాకు ఫిర్యాదులు కలవు. రెండు భాగములతో సరిపెట్టిరి. రుచి తగులునంతలో విస్తరి లాగివేసినట్లున్నది. మాటలలో ఆంగ్లము అవసరమునకు మించి యున్నది. ‘ఛోటా భీమ్’ తీసిన హైదరాబాదు గ్రీన్ గోల్డ్ వారే దీనిని తీసిరి. ఆ భీమునికి పెట్టిన శ్రద్ధలో సగము పెట్టి మఱి పదిభాగములు తీసిన ఏమి? అమెజాన్ ప్రైమ్ వీడియోకు చందా కట్టినవారికి దక్క ఇతరులకు అందకపోవుటయు ఒక లోపమే. ఇక ‘ఆదిత్య 369’ సంగతి మఱింత విచారకరము. ముప్పది యేండ్లకు పైగా దాని రెండవ భాగమును గూర్చి మాటలే వింటిమి. 2025లో పాత చిత్రమునకే మెఱుగులు దిద్ది మఱల విడుదల చేసిరి, సంతోషము. కాని దానిని ఎవరును టెలివిజను కథగా తీయలేదు. కోతుల కథకు అమెరికాలో అన్ని పిలకలు మొలచినవి. మన కాలయంత్రమును ఒకమారు నడిపి షెడ్డులో పెట్టితిమి. నకళ్ళు ఎక్కువైనవని పెద్దల బాధ. తెలుగులో చాలినన్ని నకళ్ళు లేవని మా బాధ.

ఈ బాధ హైదరాబాదులో నున్నవానికి వినోదపు బాధ. మనకు అట్లు కాదు. 1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడి గంజాము మదరాసు నుండి వేఱుపడినది. నాటి నుండి మన తెలుగునకు కచేరి లేదు. బడి యున్న చోట్ల బక్కచిక్కినది. మా మనుమడు చదువు బడిలో తెలుగు లేదు. వానికి ఒడియా వ్రాయుట వచ్చును, ఆంగ్లము వచ్చును, హిందీ వచ్చును. తెలుగు వినుట వచ్చును, పలుకుట వచ్చును, అక్షరములు రావు. దానికి మేము సిగ్గుపడుచునే యున్నాము, దినమునకొక అక్షరము దిద్దించుచునే యున్నాము. మన యిండ్లలో తెలుగు దేనికి వాడుదుము? పూజకు, వంటకు, పెండ్లిచూపులకు, చావులకు, ముసలివారిని పలుకరించుటకు. రాకెట్టును గూర్చి మాటలాడవలెనన్న పిల్లవాడు ఆంగ్లమునకు పోవును. స్నేహితులతో ఆడుకొనవలెనన్న ఒడియాకు పోవును. తెలుగనగా నాయనమ్మ భాష, వెనుకటి కాలపు భాష అని వానికి మనమే నేర్పుచున్నాము. ఆపైన వెనుకటి కాలపు చిత్రము తప్ప మఱొకటి చూపమని తీర్మానములు చేయుచున్నాము.

ఆ బొమ్మల కథను మా యింట మనుమనితో కూర్చుండి చూచితిమి. కథ జరుగునది కాశీలో, 2898వ సంవత్సరము ప్రాంతమున. బండి తెలుగులో మాటలాడుచున్నది. దాని పేరు బుజ్జి. వాని నాయనమ్మ వానిని పిలుచు పేరు అదియే. మొదట ఆ పేరు వినగానే వాడు వెనుకకు తిరిగి చూచెను, తననే పిలిచిరనుకొన్నాడు. తరువాత కొంతసేపు కదలక చూచి, మా మోకాలు తట్టి, “తాతా, అప్పటికి కూడా బండికి తెలుగొస్తాదా? మా బళ్ళో ఇప్పుడే ఎవరికీ రాదు గదా!” అనెను.

నకళ్ళు వ్రాసిన నలుబది యేండ్లలో ఏ పై అధికారి ప్రశ్నకును మేము తడబడియుండలేదు. వానికి మాత్రము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. వస్తాదంటిమి. “ఎవరు నేర్పుతారు?” అనెను. “నువ్వు నేర్పుదువుగాని లే” అంటిమి. వాడు సరేయని మఱల తెరవైపు తిరిగెను. ఆ రాత్రి పలక తెమ్మని అడుగకుండగనే తెచ్చి, ‘బ’కు కొమ్ము ఎట్లు పెట్టవలెనో చూపుమనెను. బుజ్జి అని వ్రాసికొని, క్రింద చిన్న బండి గీసెను. ‘జ’ వత్తు ప్రక్కకు పడినది. దిద్దలేదు.

మన పెద్దలు ఇరువది సంవత్సరములుగా పిల్లలకు పద్యపోటీలు పెట్టుచున్నారు. వాని విలువ మేము ఎఱుగుదుము. మా మనుమడును ఒకమారు పోటీకి వచ్చి, ఆంగ్ల లిపిలో వ్రాసికొన్న పద్యమును చూచి చదివి, బహుమతిగా స్టీలు డబ్బా తెచ్చుకొన్నాడు. పద్యము మఱునాటికి మఱచెను. డబ్బాలో ఇప్పుడు బలపములున్నవి.

కార్యవర్గము వారి తీర్మానము వారిది. వచ్చు ఉగాది సాయంకాలము హుమ్మలో మా యింటి అరుగు మీద, అద్దెకు తెచ్చిన ప్రొజెక్టరుతో, ఉతికిన తెల్ల దుప్పటి కట్టి, మొదట బుజ్జి కథ రెండు భాగములును, పిమ్మట ‘ఆదిత్య 369’ను చూపదలచితిమి. ఉప్పుమడుల మీది గాలికి దుప్పటి కొంచెము ఊగును, సర్దుకొనవలెను. పిల్లలున్న కుటుంబములవారందఱును రండు. ఒడియా ఇరుగుపొరుగు పిల్లలను కూడ పిలిచితిమి. నడుమ నడుమ మాటలకు అర్థము చెప్పు బాధ్యత మా మనుమడు పైన వేసికొన్నాడు. నకలెందుకని అడిగిన ఆ పెద్దలకు చేతుల కుర్చీ ఒకటి ముందు వరుసలో వేసియుంచెదము. వారు ‘మాయాబజార్’ ప్రతి వెంట తెచ్చినచో, ఓపిక మిగిలినంత వఱకు అదియు వేసెదము.